నోటరీగారి కళ్ల ముందు

ఫిబ్రవరి 6

చెల్లీ,

నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని అడగను. నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది, అంత సంతోషంగా ఉన్నవాళ్లు మన వంశంలో ఇంతకుముందు ఎవరూ లేరు.

పెళ్లి చేసుకుంటున్నానని నువ్వు రాసిన ముక్కే నాకింకా గొంతు దిగలేదు, ఈలోగా దాని వెనకే ఇంకో కాగితం పంపావు. అఫిడవిట్ అట. నువ్వు ఆ ఊరి మనిషివి కావు కాబట్టి, నీ సొంతవాళ్లెవరైనా ప్రమాణం చేసి రాసివ్వాలని పెళ్లిళ్లు నమోదు చేసే ఆఫీసువాళ్లు అడిగారట. నీకిదివరకు పెళ్లి కాలేదని, ఈ పెళ్లికి అభ్యంతరం లేదని. సొంతవాళ్లంటే మిగిలింది నేనొక్కదాన్నే కదా. అందుకే గుర్తొచ్చి ఉంటాను.

ఆరు నెలల్లో వచ్చేస్తానని వెళ్లావు. కొత్త ఆసుపత్రికి తెరలు కుట్టే పని, అయిపోగానే మళ్లీ మన దుకాణం, మన రెండు మిషన్లు అన్నావు. తెరలు కుట్టడానికి వెళ్లినదానివి లిఫ్టు ఎక్కడమెందుకు? అది రెండు అంతస్తుల మధ్య ఆగిపోవడమేమిటి, ఆ లిఫ్టు మెకానిక్ తలుపు తెరిచేదాకా బయటినుంచి నీకు ధైర్యం చెప్పడమేమిటి? మధ్యలో ఇరుక్కున్నవాళ్లకి బయటికి లాగినవాడెవడైనా దేవుడిలాగే కనిపిస్తాడు. చిన్నప్పుడు మెట్లకింది గదిలో గడియపడి నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటే తలుపు విరగ్గొట్టింది నేను. ఆ సంగతి నీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

పళ్ల డాక్టరు తెల్లకోటు అయింది. కాలరు నీ పని కదా, నేనే కుట్టాల్సి వచ్చింది, కాస్త వంకరపోయింది. పాపం ఆయన కూలి మొత్తం ఇచ్చాడు. అద్దం ముందు మాత్రం మెడ అటూ ఇటూ తిప్పుకుని చూసుకున్నాడు.

నీ కాగితం మీద సంతకం పెట్టి దీంతోపాటే పంపుతున్నాను. పూర్తిగా చదవలేదు. చదివితే పెట్టనేమోనని భయమేసింది. ఫోన్ చెయ్యకు. నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, ఇద్దరం చెప్పాలనుకున్నది మర్చిపోతాం.

ఇంకా నీ మనిషినే అనుకుంటున్న
అక్క

ఫిబ్రవరి 15

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వుకున్నాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు.

నువ్వు పంపిన కాగితం చెల్లదన్నారు. ఆఫీసులో గుమాస్తా దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, ఇది ఉత్తి కాగితం అన్నాడు. సంతకం ఇంట్లో కూర్చుని పెట్టేది కాదట. నోటరీ దగ్గరికి వెళ్లి, నువ్వు నువ్వేనని గుర్తింపు కార్డు చూపించి, ఆయన ఎదుట ప్రమాణం చేసి, ఆయన చూస్తుండగా పెట్టాలట. అప్పుడాయన అడుగున ‘నా సమక్షంలో ప్రమాణం చేసి సంతకం చేశారు’ అని రాసి ముద్ర వేస్తాడు. ఆ ఒక్క వాక్యం లేకపోతే పైన ఎంత రాసినా అది మామూలు ఉత్తరమే.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ‘నోటరీ సమక్షంలో’ అని ఆ కాగితం మొదటి వరుసలోనే ఉంది. కొలతల చీటీలో అర అంగుళం తేడా వస్తే మనిషిని వెనక్కి పిలిచి మళ్లీ కొలిచేదానివి నువ్వు. ఈ ఒక్క కాగితమే చదవకుండా సంతకం పెట్టావంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. పెట్టినట్టూ ఉండాలి, పనికీ రాకూడదు అనుకున్నావేమో అనిపించింది. అలా అనిపించినందుకు నాకే సిగ్గేసింది. అయినా అనిపించింది.

మాకు మార్చి ఇరవైన తేదీ ఇచ్చారు. అది తప్పితే మళ్లీ మొదటినుంచి అర్జీ పెట్టుకోవాలి. ఎండలు ముదిరాక ఈయనకి సెలవు దొరకదు, ఊళ్లో లిఫ్టులన్నీ అప్పుడే మొరాయిస్తాయి. కొత్త కాగితం పంపుతున్నాను. ఇందులో ఈయన మంచివారని నీకు తెలిసినట్టు ఒక వాక్యం చేర్చాం, ఉంటే బలంగా ఉంటుందని. ఆయన నీ గురించి ఎప్పుడూ అడుగుతుంటారు.

నా మిషను మీద గుడ్డ కప్పి ఉంచుతున్నావా? కిటికీలోంచి దుమ్ము పడుతుంది.

నీ
చెల్లి

ఫిబ్రవరి 23

చెల్లీ,

పెట్టినట్టూ ఉండాలి, పనికీ రాకూడదు. ఈ మాట నేను నిన్ను పెంచిన చేతులకి నువ్వు తొడిగిన బంగారు గాజులు. నేను నిజంగానే చదవలేదు. నీ పేరు చెప్పి వచ్చిన కాగితం కదాని సంతకం పెట్టేశాను. ఇకమీద నీ పేరు చెప్పి ఏం వచ్చినా భూతద్దం పెట్టి చదువుతాను.

నోటరీ దగ్గరికి వెళ్లాను. మన వీధి చివర, స్టేషనరీ కొట్టు మీద మేడగది. ఆయన ముసలాయన, నల్లకోటు, కోటుకి మధ్య గుండీ లేదు. మాట్లాడుతున్నంతసేపూ నా చూపంతా ఆ గుండీ ఊడిన చోటే. ఆయన నా కార్డు చూశారు, కార్డు మీది ఫొటో చూశారు, నా మొహం చూశారు, ఒప్పుకున్నారు. తర్వాత నువ్వు పంపింది నాచేత బయటికి చదివించారు. ఏం రాసిందో తెలియకుండా ప్రమాణం చేయించనన్నారు.

అక్కడ వచ్చింది చిక్కు. ‘వరుడు సత్ప్రవర్తన కలవాడని నాకు తెలుసు’ అని చదివాను. మీరు ఆయన్ని చూశారా అని అడిగారు. చూళ్లేదన్నాను. అయితే మీకు తెలియదు, విన్నారంతే అన్నారు. అఫిడవిట్‌లో సొంతంగా తెలిసిన సంగతి వేరు, ఇంకొకరు చెబితే విని నమ్మిన సంగతి వేరట. విన్నదైతే విన్నానని రాయాలి, ఎవరు చెప్పారో కూడా రాయాలి. నాకది చాలా న్యాయంగా తోచింది. సరే ఇలా రాయండి అన్నాను: ‘వరుడు మంచివాడని నా చెల్లెలు చెప్పగా విన్నాను. అతని విషయంలో నా చెల్లెలి మాట నమ్మదగినది కాదు.’ ఆయన కలం కింద పెట్టేశారు.

ఇంకా చదివితే ‘ఈ వివాహానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు’ అని ఉంది. అభ్యంతరం నాకుంది. ఉందని ఆయనకీ చెప్పాను. ముద్ర వేస్తే ఇదంతా నిజమని మీరు ఒప్పుకున్నట్టా అని అడిగితే, కాదన్నారు. ఎదురుగా నిలబడింది నేనేనని, ఒట్టు వేసి సంతకం పెట్టానని, అంతవరకే ఆయన పూచీ అట. “రాసిందాంట్లో అబద్ధముంటే అది మీ నెత్తినే ఉంటుందమ్మా, నా ముద్ర దాన్ని మొయ్యదు” అన్నారు. ఉత్తరంలో అబద్ధం రాయొచ్చు గానీ ఒట్టు మీద నేను రాయలేను. లేచి వచ్చేశాను.

నీ మిషను గురించి బెంగ పెట్టుకోకు. దుమ్ము పడే తీరిక దానికి లేదు. ఒక పిల్లని పెట్టుకున్నాను. చురుకైనది, నీ మిషను మీదే కూర్చుంటోంది. కొత్తొక వింత, పాతొక రోత అని నువ్వొక్కదానివే అనుకోవాలా?

భూతద్దం కొనుక్కున్న
అక్క

మార్చి 2

అక్కా,

ఈయన మంచివారన్న వాక్యం కొట్టేశాం. అది మా తప్పే, అడగనిదాన్ని చేర్చడం. కొత్త కాగితంలో మూడే సంగతులున్నాయి. నువ్వు నా అక్కవని, నాకిదివరకు పెళ్లి కాలేదని, అభ్యంతరం లేదని. మొదటి రెండూ నీకు తెలిసినట్టు ఈ లోకంలో ఎవరికీ తెలియవు. మూడోది నీ చేతిలో ఉంది.

నీ అభ్యంతరమేమిటో తిన్నగా రాయి. ఆయన తాగుతారా? లేదు. నాకన్నా చిన్నా? కాదు. భార్య పోయి ఏళ్లయింది, పిల్లల్లేరు, ఆ కాగితాలన్నీ ఆయన ఆఫీసులో ఇచ్చేశారు. నలభై దాటాక నన్నొకరు పేరుపెట్టి పిలిచి, అన్నం తిన్నావా అని అడుగుతుంటే నీకేం పోయింది? అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది నీ వరస. నీకు రాలేదని నాకూ రాకూడదా?

రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. కోపంగానే ఉంది.

ఆ పిల్ల ఎవరు? ఎక్కడినుంచి వచ్చింది? నన్నొక్కమాట అడగకుండా నా మిషను మీద ఎలా కూర్చోబెట్టావు? దాని పెడలు నాలుగు తొక్కులకోసారి పట్టేస్తుందని, మడమతో వెనక్కి ఒక్క తోపు తొయ్యాలని ఆ పిల్లకి తెలుసా? ఊరికే బలం పెడితే బెల్టు తెగుతుంది. కుర్చీ మీది దిండు నాది, దాన్నైనా తీసి లోపల పెట్టు. నేనిక్కడ కుట్టే మిషను కరెంటుది, చక్కగా పరుగెడుతుంది, నాకు దాని మీద మనసు పోలేదు. ఇది నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

చెల్లి

మార్చి 7

చెల్లీ,

నాకు రాలేదని. సరే, ఆ మాటా నీ నోట విన్నాను. అది నీకు సొంతంగా తెలిసిన సంగతా, ఎవరైనా చెబితే విన్నదా? నాకూ సంబంధాలు వచ్చాయి. నువ్వు స్కూల్లో ఉన్నప్పుడొకటి, నీకు జబ్బు చేసిన ఏడాది ఇంకొకటి. రెండుసార్లూ చెల్లెలు నాతోనే ఉంటుందన్నాను, రెండుసార్లూ వాళ్లే తప్పుకున్నారు. ఇదేమీ త్యాగం కాదు, నాకు వాళ్ల మీద మనసు లేదు. కానీ ఆ లెక్కన నువ్వు కూడా అక్క నాతోనే ఉంటుంది అని ఒక్కసారైనా అన్నావా ఆ లిఫ్టాయనతో?

మళ్లీ నోటరీగారి దగ్గరికి వెళ్లాను. గుండీ ఇంకా లేదు. దైవసాక్షిగా ప్రమాణం చేస్తారా, మనస్సాక్షిగా చేస్తారా, మీ ఇష్టం అన్నారు. తేడా ఏమిటని అడిగాను. ఏది చేసినా అబద్ధమైతే తప్పు ఒక్కటేనట. సరే దేవుణ్ణి ఇందులోకి ఎందుకు లాగడం, నా మనస్సాక్షి ఖాళీగానే ఉందన్నాను. చెయ్యి కూడా పైకెత్తాను. అప్పుడు చివరి వాక్యం చదివించారు: ‘ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వచ్ఛందంగా’. అక్కడ ఆగిపోయాను. వారానికో ఉత్తరంతో పొడుస్తున్నావు, అడుక్కు తిననివ్వదని తిడుతున్నావు, ఇది ఒత్తిడి కాక మరేమిటి? నీ ఉత్తరం సంచీలోంచి తీసి ఆయనకి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని అంతా చదివి మడిచి ఇచ్చేశారు. “ఇంత బరువు పెట్టుకుని ప్రమాణం చెయ్యకూడదమ్మా, ఇంటికి వెళ్లి మనసు తేలికైనప్పుడు రండి” అన్నారు. ఆయన నన్ను పంపేశారు, నేను పారిపోలేదు. ఇది రాసిపెట్టుకో.

పిల్ల గురించి అడిగావు. పని బాగా వచ్చు. కాజాలు తీస్తే నీకన్నా సన్నగా, ఒక్క పోగు లేవకుండా తీస్తుంది. పళ్ల డాక్టరు కాలరు విప్పి మళ్లీ కుట్టింది, ఆయనిప్పుడు అద్దం ముందునుంచి కదలడం లేదు. ఆ పెడలు పట్టేస్తోందంటే మెకానిక్‌ని పిలిచి బాగుచేయించాను. ఇప్పుడు వెన్నలా తిరుగుతోంది. మనకీ మెకానిక్‌లు దొరుకుతారు. దిండు దానికి బాగా కుదిరింది.

నీ ఉత్తరాల బరువు మోస్తున్న
అక్క

మార్చి 12

అక్కా,

ఇక ఆ కాగితం గురించి నిన్ను అడగను. ఒత్తిడి అన్నావు కాబట్టి, ఇది ఒత్తిడి కాదని తెలియడానికే రాస్తున్నాను. ఇరవైన వెళ్లి మా దగ్గర కాగితం లేదని చెప్పేస్తాం. తర్వాత ఏం చెయ్యాలో తర్వాత చూసుకుంటాం. ఆయన కోప్పడలేదు. మీ అక్క ఒట్టుకి విలువిచ్చే మనిషి, అది మంచిదే కదా అన్నారు. నాకు ఒళ్లు మండింది. నీ తరఫున మాట్లాడే హక్కు ఆయనకెవరిచ్చారు అనిపించింది. చూశావా, నేను కూడా నీ చెల్లెల్నే.

నువ్వడిగినదానికి జవాబు చెప్పాలి. అక్క నాతోనే ఉంటుంది అని ఆయనతో అనలేదు. అక్క దగ్గరే నేనుంటాను అన్నాను. ఆయన పనిచేసే కంపెనీకి మన ఊళ్లోనూ పనుంది. జనవరిలోనే బదిలీకి అర్జీ పెట్టారు. దుకాణం వెనక వీధిలో రెండు గదుల ఇల్లు దొరికితే చాలనుకున్నాం. పొద్దున్నే నా మిషను, నీ పక్కన. పెళ్లయి వచ్చి నీ ఎదుట నిలబడి చెబుదామని దాచాను. అప్పుడు నీ మొహం చూడాలని నా ఆశ.

ఇప్పుడు వచ్చి ఏం చెయ్యను? నా చోట్లో ఒకరు కూర్చున్నారు. నాకన్నా సన్నగా కాజాలు తీస్తున్నారు. నేనున్నంతకాలం మొరాయించిన ఆ పెడలు కూడా ఆ పిల్ల కాలికి లొంగిందట. నన్ను పిలిపించుకోవడానికి నువ్వు దాన్ని వెళ్లగొడితే ఆ పాపం నాకెందుకు? బదిలీ అర్జీ వెనక్కి తీసుకోమని నిన్న ఆయనతో చెప్పాను. సరేనన్నారు, ఇంకా రాసివ్వలేదు. సోమవారం ఇస్తారేమో.

మెట్లకింది గది నాకు గుర్తుంది. నువ్వు తలుపు విరగ్గొట్టావు, చేతికి చెక్క గుచ్చుకుంది, ఆ మచ్చ నీ బొటనవేలి కింద ఉంది. ఇరుక్కున్నప్పుడు లిఫ్టులోంచి ఆయనకి చెప్పింది ఆ కథే. అది విన్నాకే ఆయన నాతో మనసు విప్పి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఆ పిల్లని దిండు జాగ్రత్తగా చూసుకోమను.

చెల్లి

మార్చి 14

చెల్లీ,

ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను, సోమవారానికి నీ చేతికి అందాలి. ముందు ఒక్క పని చెయ్యి. చదవడం ఆపి, ఆ బదిలీ అర్జీ వెనక్కి తీసుకోవద్దని మరిదిగారికి చెప్పు. చెప్పాక వచ్చి మిగతాది చదువు.

పొద్దున నీ ఉత్తరం రాగానే షట్టరు దించేసి మేడ మెట్లెక్కాను. టేపు ఇంకా మెడలోనే ఉందని అక్కడికి వెళ్లాక తెలిసింది. నాకేం ఒత్తిడి లేదు, ఎవరూ నన్నేమీ అడగడం లేదు, ఇప్పుడు ప్రమాణం చేయించండి అన్నాను. కానీ నాకింకా అభ్యంతరముంది, అది మాత్రం అబద్ధం చెప్పలేను అన్నాను. అదేమిటో చెప్పమన్నారు. చెప్పాను. నా కడుపు మండుతోందండీ, నీళ్లు తాగినా ఆరడం లేదు. దానికి పెళ్లవుతున్నందుకు కాదు, నాదనుకున్న మనిషి ఇంకొకరి మనిషి అవుతున్నందుకు. అంతే నా అభ్యంతరం.

ఆయన నవ్వలేదు. అభ్యంతరమంటే చట్టం ఒప్పుకునేదై ఉండాలట. ఆమెకి ఇదివరకే మొగుడున్నాడనో, వరసకాని సంబంధమనో, ఇష్టంలేని పెళ్లి చేస్తున్నారనో. “మీరు చెప్పింది ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరికి ఉంటుందమ్మా, దానికి స్టాంపు అక్కర్లేదు” అన్నారు. నీ కాగితంలో ఆయనే రెండు మాటలు చేర్పించారు. ‘చట్టరీత్యా ఎలాంటి అభ్యంతరమూ నాకు తెలియదు.’ ఇది నిజం. మనస్సాక్షిగా చెప్పాను, ఆయన చూస్తుండగా సంతకం పెట్టాను, ముద్ర పడింది. ఆ కాగితం ఇందులోనే ఉంది. తడి తగలనివ్వకు.

తర్వాత ఇంకో అఫిడవిట్ రాయించాలన్నాను. దేనికి, ఏ ఆఫీసులో ఇవ్వాలి అని అడిగారు. ఏ ఆఫీసుకీ కాదు, నా ఉత్తరాలు నమ్మి ఒక మనిషి తన ఇల్లు వదులుకుంటోంది, మళ్లీ ఉత్తరమే రాస్తే నమ్మదు అన్నాను. సంగతి విని, ఇలాంటిది తన సర్వీసులో చూడలేదన్నారు. కానీ ప్రమాణం చేసే మనిషి ఉంది, సొంతంగా తెలిసిన సంగతి ఉంది, రాయకపోవడానికి కారణం కనబడటం లేదన్నారు. కాగితం టైపవుతుండగా ఆయన కోటు విప్పించి గుండీ కుట్టేశాను. నల్లదారం లేక ముదురు నీలం వేశాను, కళ్లకి కనిపించదులే. రెండో కాగితం కూడా ఇందులోనే ఉంది. అది ఆఫీసులో ఇవ్వకు, నీది.

వెనక వీధిలో ఇల్లు ఖాళీగా ఉందో లేదో రేపు కనుక్కుంటాను. మరిదిగారి చొక్కా కొలతలు పంపు. ఆయన మీద నాకింకా మంటగానే ఉంది, ఆ సంగతి కూడా చెప్పు.

అక్క

ప్రమాణపత్రం

కోట్లు కుట్టి బతికే దర్జీనైన నేను, నా చెల్లెలికి అక్కను, నోటరీగారి ఎదుట మనస్సాక్షిగా ప్రమాణం చేసి తెలియజేయునది ఏమనగా:

1. నా దుకాణంలో రెండు కుట్టుమిషన్లు ఉన్నవి. కిటికీ పక్కనున్నది నా చెల్లెలిది.

2. ఆమె వెళ్లిన నాటినుంచి ఆ మిషను మీద ఎవరూ కూర్చోలేదు. ఇది నేను ఇతరుల వలన విన్నది కాదు. రోజూ నా కళ్లతో చూస్తున్నది.

3. కొత్త పిల్ల ఒకతె పనిలో చేరినదని నేను రాసిన ఉత్తరాలు ప్రమాణం మీద రాసినవి కావు. అటువంటి పిల్ల లేదు, ఎన్నడూ లేదు. పళ్ల డాక్టరుగారి కాలరు ఇప్పటికీ వంకరగానే ఉన్నది.

4. మిషను మీద గుడ్డ కప్పి ఉన్నది. దానికి నూనె వేయునది నేనే. పెడలు నాలుగు తొక్కులకొకసారి పట్టేయుచున్నది. ఆమె మడమకు అలవాటైనది గనుక నేను దానిని బాగుచేయించలేదు.

5. పై సంగతులన్నియు నాకు సొంతంగా తెలిసినవి. ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వచ్ఛందంగా చెప్పుచున్నాను.

సంతకం: అక్క

నా సమక్షంలో ప్రమాణం చేసి సంతకం చేశారు.
నోటరీ